పీఎంఈజీపీ లోను: 35 శాతం సబ్సిడీ నిజమే, కానీ అది చేతికొచ్చే డబ్బు కాదు

"పది లక్షల లోను తీసుకుంటే మూడున్నర లక్షలు మాఫీ అంట." సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో ఇప్పించే లోను పథకం పీఎంఈజీపీ గురించి ఏ మండల కేంద్రంలో అడిగినా ముందు వినిపించే మాట ఇదే. అంకె తప్పు కాదు. మాఫీ అన్న పదమే తప్పు. ఆ పదాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకున్నవాళ్లు రెండో ఏడాదికి వచ్చేసరికి బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. ఈ పథకాన్ని ఒక సర్వీసులా తీసుకుని, ఎక్కడ బాగుందో, ఎక్కడ చెయ్యి కాలుతుందో చూద్దాం.

ప్రైమ్ మినిస్టర్స్ ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ ప్రోగ్రామ్ 2008లో మొదలైంది. అంతకుముందున్న రెండు స్వయం ఉపాధి పథకాలను కలిపి దీన్ని తెచ్చారు. కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖది పథకం, దేశమంతటా దీన్ని నడిపించే నోడల్ సంస్థ ఖాదీ గ్రామోద్యోగ కమిషన్. జిల్లాలో మీ దరఖాస్తు కమిషన్‌కి గానీ, రాష్ట్ర ఖాదీ బోర్డుకి గానీ, జిల్లా పరిశ్రమల కేంద్రానికి గానీ వెళ్తుంది. ఒకప్పుడు పల్లె, పట్నం లెక్కన పంపకం ఉండేది. 2022 మార్పుల తర్వాత ఎవరైనా ఎక్కడి దరఖాస్తయినా తీసుకోవచ్చు. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఆ 2022 నిబంధనలవి, వాటి గడువు 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా. ఆ తర్వాత దరఖాస్తు పెట్టేవాళ్లు పథకం పోర్టల్లో (దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్లో) తాజా గైడ్‌లైన్స్ చూసుకుని లెక్క వేసుకోండి.

తయారీ యూనిట్ అయితే ప్రాజెక్టు ఖర్చు 50 లక్షల దాకా, సర్వీసు అయితే 20 లక్షల దాకా ఒప్పుకుంటారు. జనరల్ కేటగిరీ వాళ్లకు పట్నంలో 15 శాతం, పల్లెలో 25 శాతం సబ్సిడీ. వాళ్లు సొంతంగా పెట్టాల్సింది 10 శాతం. స్పెషల్ కేటగిరీ వాళ్లకు పట్నంలో 25, పల్లెలో 35. సొంత వాటా 5 శాతం చాలు. స్పెషల్ అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులు. 2022లో ట్రాన్స్‌జెండర్లను కూడా చేర్చారు. ఇది మంచి పని, దాని గురించి కింద వివరంగా చెప్తాం.

ఆ మార్పుల్లోనే చేరి, ఇప్పటికీ చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. వెనకబడినవని కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల్లో యూనిట్ పెడితే, కులం ఏదైనా, ఆడైనా మగైనా, స్పెషల్ కేటగిరీ కిందికే వస్తారు. 2018లో నీతి ఆయోగ్ ప్రకటించిన జాబితాలో ఆంధ్ర నుంచి కడప, విజయనగరం, విశాఖపట్నం ఉన్నాయి. తెలంగాణ నుంచి ఖమ్మం, జయశంకర్ భూపాలపల్లి, ఆసిఫాబాద్ ఉన్నాయి. ఆ తర్వాత జిల్లాల విభజన జరిగింది కాబట్టి మీ మండలం ఇప్పుడు ఏ లెక్కలో ఉందో పరిశ్రమల కేంద్రంలో అడిగి, రాతపూర్వకంగా చూపించమనండి. కడప జిల్లా పల్లెలో ఒక ఓసీ కుర్రాడికి 25 శాతం రావాలా, 35 రావాలా అన్నది ఈ ఒక్క ప్రశ్న మీద తేలుతుంది. పది లక్షల ప్రాజెక్టు మీద తేడా లక్ష రూపాయలు.

ఒక యూనిట్‌ని దగ్గరగా చూద్దాం

లెక్క అర్థం కావాలంటే ఒక ఉదాహరణ పట్టుకోవాలి. పంచాయతీ పరిధిలో ఒక మహిళ పల్లీ నూనె గానుగ పెడుతున్నారనుకుందాం. గానుగ, మోటారు, ఫిల్టరు, సీలింగ్ మెషీను, డబ్బాలు కలిపి 5 లక్షలు. రేకుల షెడ్డుకు 2 లక్షలు. సరుకు తిప్పుకోవడానికి, అంటే వర్కింగ్ క్యాపిటల్, 3 లక్షలు. మొత్తం 10 లక్షలు. స్థలం ఖర్చును ప్రాజెక్టులో చూపించకూడదు. స్థలం భర్త పేరునో మామగారి పేరునో ఉంటే లీజు అగ్రిమెంటు రాయించి పెట్టాలి. ఇది లేక ఆగిపోయే దరఖాస్తులు చాలానే ఉంటాయి, ముఖ్యంగా ఆడవాళ్లవి.

ఆవిడ సొంత వాటా 50 వేలు. బ్యాంకు ఇచ్చేది 9 లక్షల 50 వేలు. సబ్సిడీ 3 లక్షల 50 వేలు. ఇక్కడ ఆగి చూడండి. బ్యాంకు ఇచ్చేది 6 లక్షలు, ప్రభుత్వం ఇచ్చేది మూడున్నర లక్షలు అన్నట్టు జరగదు. మొత్తం తొమ్మిదిన్నర లక్షలూ బ్యాంకు అప్పే. ఆ తర్వాత కమిషన్ నుంచి వచ్చే మూడున్నర లక్షలు అదే బ్యాంకులో ఆవిడ పేరున మూడేళ్లకు డిపాజిట్‌గా పడుతుంది. దాన్నే బ్యాంకు భాషలో టీడీఆర్ అంటారు. ఆ డిపాజిట్ మీద వడ్డీ రాదు. దానికి సమానమైన లోను మీద వడ్డీ పడదు. మూడేళ్లయ్యాక, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితే, ఆ డబ్బు లోను ఖాతాలో జమ అవుతుంది. అందుకే "మాఫీ" అనుకోవద్దు అంటున్నాం. మూడేళ్లు నడిపినవాళ్లకు దక్కే డబ్బు ఇది.

ఈ అమరిక మాకు సరైనదిగానే కనిపిస్తోంది. ముందే చేతికిస్తే ఏమవుతుందో పాత సబ్సిడీ లోన్ల చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ ఇందులో ఒక సందు ఉంది, అక్కడే లబ్ధిదారుకి నష్టం జరుగుతోంది. సబ్సిడీ దానంతటదే రాదు. బ్యాంకు మొదటి విడత విడుదల చేశాక, శిక్షణ పూర్తయ్యాక, బ్రాంచి వాళ్లు పోర్టల్లో మార్జిన్ మనీ క్లెయిమ్ పెట్టాలి. సబ్సిడీకి ఆఫీసు పేరు మార్జిన్ మనీయే. క్లెయిమ్ పెట్టడంలో ఆలస్యమైనా, కమిషన్ దగ్గర ఆ ఏడు నిధులు అయిపోయినా, టీడీఆర్ పడే రోజు వరకు తొమ్మిదిన్నర లక్షల మీదా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ పథకానికంటూ తక్కువ వడ్డీ రేటు లేదు, బ్యాంకు మామూలు రేటే. 11 శాతం అనుకుంటే మూడున్నర లక్షల మీద నెలకు సుమారు 3,200 రూపాయలు. ఆరు నెలలు ఆలస్యమైతే 19 వేల పైమాటే. కొత్తగా గానుగ పెట్టిన మనిషికి అది ఒక నెల కరెంటు, కూలీ ఖర్చు.

కాబట్టి మొదటి విడత పడిన వారం లోపే బ్రాంచికి వెళ్లి "మార్జిన్ మనీ క్లెయిమ్ పెట్టారా?" అని అడగండి. పోర్టల్లో మీ ఐడీతో లాగిన్ అయితే దరఖాస్తు ఏ మెట్టు మీద ఉందో కనిపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని వెళ్లండి. టీడీఆర్ పడ్డాక లోను స్టేట్‌మెంట్ తీసి, ఆ తేదీ నుంచి వడ్డీ తగ్గిందో లేదో లెక్క చూసుకోండి.

వర్కింగ్ క్యాపిటల్ దగ్గర జరిగే పొరపాటు

ఈ పథకంలో ఎక్కువమంది తెలియక పడే గొయ్యి ఇదే. ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్లు "మొత్తం పెంచితే సబ్సిడీ పెరుగుతుంది" అని వర్కింగ్ క్యాపిటల్‌ని ఉబ్బించి రాస్తారు. నిబంధన చూడండి: సబ్సిడీ డిపాజిట్‌గా ఉండే మూడేళ్ల లాకిన్ కాలంలో క్యాష్ క్రెడిట్ ఖాతా (వర్కింగ్ క్యాపిటల్ వాడుకునే ఖాతా) ఒక్కసారైనా పూర్తి పరిమితిని తాకాలి, వాడకం మంజూరైన పరిమితిలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీని వెనక్కి తీసుకుంటారు.

మన గానుగకు నిజంగా ఎంత కావాలో లెక్కేద్దాం. రోజుకు 100 కిలోల పల్లీ గింజలు ఆడిస్తారు. కిలో 120 రూపాయలనుకుంటే రోజుకు 12 వేల సరుకు. పది రోజుల గింజల నిల్వ, అయిదు రోజుల నూనె నిల్వ, దుకాణాలకు పది రోజుల అరువు. మొత్తం 25 రోజులు. 25 రోజులు, రోజుకు 12 వేలు, అంటే 3 లక్షలు. ఇందులో 75 శాతం అంటే 2 లక్షల 25 వేలు. ఈ యూనిట్‌లో అంత వాడకం మామూలుగానే జరుగుతుంది.

ఇప్పుడు దాన్నే 5 లక్షలుగా రాశారనుకోండి. ప్రాజెక్టు 12 లక్షలైంది. సబ్సిడీ 4 లక్షల 20 వేలు, అంటే పెరిగింది 70 వేలు. ఆ 70 వేల కోసం ఏం నెత్తికెత్తుకున్నారో చూడండి. తయారీ ప్రాజెక్టు 10 లక్షలు దాటింది కాబట్టి 8వ తరగతి పాసైన సర్టిఫికెట్ కావాలి. ఆవిడ ఏడుతో ఆపేసి ఉంటే దరఖాస్తు అక్కడితో సరి. లోను 11 లక్షల 40 వేలైంది. తాకట్టు అడగకుండా ఎంత దాకా లోను ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు పరిమితి ఇప్పుడు ఎంతుందో కనుక్కోవాలి, గ్యారంటీ కవర్ (లోను తీరకపోతే బ్యాంకుకు ఉండే భరోసా) గురించి బ్రాంచి మేనేజరుతో మాట్లాడుకోవాలి. ఇదంతా దాటినా, సరుకు 3 లక్షలదే తిరిగితే వాడకం 60 శాతం దగ్గర ఆగుతుంది, సబ్సిడీలో కోత పడుతుంది. పెంచి రాయడం వల్ల లాభపడేది రిపోర్టు రాసి ఫీజు తీసుకున్నవాళ్లే.

రిపోర్టు మీ పేరున వెళ్తుంది కాబట్టి ప్రతి అంకె మీకు తెలియాలి. పల్లీ గింజలో నూనె ఉండేదే 45 నుంచి 50 శాతం. గానుగలో 100 కిలోలకు 40 కిలోలు, కాస్త అటూ ఇటూగా, చేతికొస్తుంది. మిగిలింది చెక్క, దానికీ ధర ఉంటుంది. రిపోర్టులో నూనె 55 కిలోలని కనిపిస్తే అది ఇంకెవరిదో రిపోర్టులో పేరు మార్చి ఇచ్చారని అర్థం. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. ఖాదీ కమిషన్ వెబ్‌సైట్లో రకరకాల పరిశ్రమలకు నమూనా ప్రాజెక్టు రిపోర్టులు ఉచితంగా ఉన్నాయి. వాటిని తీసుకుని, మీ ఊరి ధరలతో అంకెలు మార్చుకుంటే చాలావరకు పని అయిపోతుంది.

రిపోర్టుల్లో తరచూ మరిచిపోయేవి రెండు. ఒకటి, త్రీఫేజ్ కనెక్షన్ ఖర్చు: డిపాజిట్, లైన్ ఛార్జీలు, అవసరమైతే స్తంభాలు. రెండోది, మెషీను కొటేషన్ జీఎస్టీ కలిపిందా, కలపనిదా అన్నది. బ్యాంకు మంజూరు చేసేది కొటేషన్‌లో ఉన్న మొత్తానికే, చెల్లించేది నేరుగా సప్లయరుకే. తేడా వస్తే అది మీ జేబులోంచే పోతుంది.

దరఖాస్తు, శిక్షణ

పోర్టల్ పని విషయంలో పెద్దగా ఫిర్యాదు లేదు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయాలి, అక్షరం తేడా ఉన్నా ముందుకు పోదు. ఏజెన్సీ (కమిషన్, ఖాదీ బోర్డు, పరిశ్రమల కేంద్రాల్లో ఒకటి) ఎంపిక, యూనిట్ చిరునామా, పరిశ్రమ రకం, బ్యాంకు బ్రాంచి నింపి, ఫొటో, కుల ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్, గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం, ప్రాజెక్టు రిపోర్టు అప్‌లోడ్ చేయాలి. గ్రామీణ ధ్రువపత్రాన్ని తేలిగ్గా తీసుకోకండి. పదేపదే మున్సిపాలిటీల్లో కలుస్తున్న శివారు పంచాయతీల్లో 35 శాతం అనుకున్నది 25కి పడిపోయేది ఇక్కడే.

ఒకప్పుడు కలెక్టరేట్‌లో టాస్క్‌ఫోర్స్ కమిటీ ఇంటర్వ్యూ ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఏజెన్సీ పరిశీలించి నేరుగా బ్యాంకుకు పంపుతుంది. దీనివల్ల నెలలు కలిసొచ్చాయి, అధికారుల గదుల ముందు నిలబడే పని తగ్గింది. అదే సమయంలో బరువంతా బ్రాంచి మేనేజరు మీద పడింది. ఆయన కాదంటే కాదే. అందుకే పోర్టల్లో బ్యాంకు ఎంచుకునే ముందు, మీకు ఖాతా ఉండి లావాదేవీలు సరిగా జరుగుతున్న బ్రాంచి దగ్గరికే వెళ్లి, ఈ పథకం కింద ఈ ఏడు లోన్లు ఇస్తున్నారా అని ముందే కనుక్కోవడం తెలివైన పని. పాత లోను బకాయి ఏదైనా ఉంటే, చిన్న ఫోను ఈఎంఐ అయినా సరే, ముందు తీర్చి క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి.

శిక్షణ విషయంలో ఒక సలహా. ఆన్‌లైన్‌లో చేసే వీలుంది, సర్టిఫికెట్ వస్తుంది, సబ్సిడీకి అది సరిపోతుంది. కానీ మీ జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది, ఆర్‌సెటీ అంటారు. శిక్షణ, భోజనం, బస ఉచితం. లెక్కల పుస్తకం రాయడం, అరువు వసూలు చేసుకోవడం ఎదురెదురుగా కూర్చుని నేర్చుకుంటేనే వంటబడుతుంది. యూనిట్లు మూతపడేది మెషీను చెడిపోయి కాదు, ఎక్కువసార్లు అరువు తిరిగి రాక. వీలైతే అక్కడికే వెళ్లండి.

ఎవరికి తలుపు తెరుచుకుంది, ఎవరికి తెరుచుకోలేదు

ఉపాధిలో అందరికీ చోటు అన్న కోణంలో చూస్తే ఈ పథకం రాతలో చాలా బాగుంది. 18 ఏళ్లు దాటితే చాలు, పై వయసు పరిమితి లేదు. ఆదాయ పరిమితి కూడా లేదు. 10 లక్షల లోపు తయారీ యూనిట్‌కి, 5 లక్షల లోపు సర్వీసుకి చదువు అడ్డం కాదు. సదరం సర్టిఫికెట్ ఉన్న మనిషికి, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డున్న మనిషికి 5 శాతం వాటాతో లోను అర్హత ఉంది. ఉద్యోగాల్లో చోటు దొరకనివాళ్లను యజమానులుగా చేయడం ఈ రాతలోని గొప్పతనం.

కానీ ఆ 5 శాతం దగ్గర లెక్క తీరదు. యూనిట్ పెట్టే గది అద్దెకు ఇచ్చేవాళ్లు కావాలి, అగ్రిమెంటు మీద సంతకం కావాలి. ట్రాన్స్‌జెండర్ దరఖాస్తుదారులకు ఊళ్లో గది దొరకడమే మొదటి గండం. దివ్యాంగులు కొనే మెషీన్లకు చేసుకోవాల్సిన మార్పుల ఖర్చును, ఉదాహరణకు కాలి పెడల్ బదులు చేతి స్విచ్ పెట్టించడాన్ని, ప్రాజెక్టు ఖర్చులో మెషీను కొటేషన్‌లోనే కలిపి రాయించుకోవాలి. తర్వాత అడిగితే లోను పెరగదు. ఇంకో అడ్డంకి కుటుంబ నియమం. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. భర్త ఎప్పుడో తీసుకుని ఉంటే భార్యకు ఇక దారి లేదు, ఆవిడ వ్యాపారం పూర్తిగా వేరైనా సరే. మహిళలను ముందుకు తేవాలన్న ఉద్దేశానికి ఈ నియమం అడ్డుపడుతోంది. దీన్ని సవరించాల్సిందే.

నడుస్తున్న యూనిట్‌కి ఈ పథకంలో మొదటి లోను ఇవ్వరు. కొత్తదే కావాలి, వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకుని ఉండకూడదు.

తిండి పదార్థాల యూనిట్ అయితే సంతకం పెట్టే ముందు చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంతో పోల్చి చూడండి. అందులో కులం, ఊరు తేడా లేకుండా 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. సొంత వాటా 10 శాతం. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌ని పెంచుకోవడానికీ ఇస్తారు. పట్నంలో గానుగ పెట్టే ఓసీ మగవాళ్లకు పీఎంఈజీపీలో వచ్చేది 15 శాతమే కాబట్టి పీఎంఎఫ్ఎంఈయే మేలు. పల్లెలో మహిళకు రెండింట్లోనూ 35 శాతమే, పీఎంఈజీపీలో సొంత వాటా సగం. అదే టైలరింగ్, వెల్డింగ్, ఇటుకలు, ఫర్నిచర్ అయితే ఆ ప్రశ్నే లేదు, పీఎంఈజీపీయే దారి. ముద్రా లోనులో పత్రాల భారం తక్కువ గానీ సబ్సిడీ లేదు.

మూడేళ్ల తర్వాత

తనిఖీ తప్పకుండా జరుగుతుంది. 2024లో ఖాదీ కమిషన్ ఈ పనికి తపాలా శాఖతో ఒప్పందం చేసుకుంది. వచ్చేవాళ్లు చూసేది యూనిట్ ఆ చిరునామాలోనే ఉందా, మెషీన్లు బిల్లుల్లో ఉన్నవేనా, పని నడుస్తోందా అని. చిరునామా మారితే ముందే బ్యాంకుకీ ఏజెన్సీకీ రాసి అనుమతి తీసుకోండి. తలుపు మీద పీఎంఈజీపీ యూనిట్ అని, బ్యాంకు పేరుతో బోర్డు ఉండాలన్నది నిబంధన. మెషీను బిల్లులు, కరెంటు బిల్లులు, ఉద్యం (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్, కూలీల హాజరు పుస్తకం ఒక ఫైల్లో పెట్టుకోండి. ఉద్యం రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

మధ్యలో వ్యాపారం దెబ్బతింటే? వరదో, అగ్నిప్రమాదమో, మీ చేతిలో లేని కారణంతో లోను మొండిబాకీ అయితే, ఆ డిపాజిట్‌ని బాకీకి సర్దే వీలు నిబంధనల్లో ఉంది. అందుకు ఆధారం మీ దగ్గరుండాలి, కాబట్టి బీమా ఏటా కట్టండి. బాగా నడిచి, మొదటి లోను తీరి, సబ్సిడీ జమైతే, విస్తరణకు రెండో లోను కూడా ఉంది. తయారీకి కోటి దాకా, సబ్సిడీ 15 శాతం.

టీడీఆర్ వేసిన తేదీని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. మూడేళ్లు నిండే నెలకు నెల ముందే బ్రాంచికి ఒక అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మేనేజర్లు మారిపోతుంటారు, పాత టీడీఆర్ ఎవరికీ గుర్తుండదు. జమ అయిందని నోటిమాటగా చెప్తే సరిపోదు, లోను స్టేట్‌మెంట్‌లో ఆ 3,50,000 పడిన వరుస మీ కంటితో చూసి, ఆ కాగితం ఇంటికి తెచ్చుకోండి.